నెమ్మదిగా తెరుచుకునే చాకు

నా బ్యాగులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉంటుందని తెలిసినవాళ్ళు రెండే మాటలు అంటారు. ఆఫీసువాళ్ళు "సెల్ఫ్ డిఫెన్స్ కోసమా?" అంటారు. మాది కదిరి పక్క పల్లె అని తెలిసిన తెలుగువాళ్ళు "అవున్లే, సీమ కదా!" అని నవ్వుతారు. రెండోది ప్రశ్న కూడా కాదు, తీర్పు. బెంగళూరుకొచ్చి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళుగా ఇద్దరికీ నేను చెప్పే జవాబు ఒకటే: జామకాయ.

జామకాయ, పార్సిల్ టేపు, కొత్త కుర్తీకి వేలాడే ట్యాగు, పాల ప్యాకెట్టు మూల, బాల్కనీ కుండీలో కొత్తిమీర, మా పాప పెన్సిలు. నా చాకు చేసిన వీరకార్యాలు ఇంతే. చురుకైన పిల్లను తెలుగులో "చాకులాంటి పిల్ల" అని మెచ్చుకుంటాం. "కత్తిలాంటి పిల్ల" అంటే సంగతి వేరు, అది అనేవాళ్ళ చూపులోనే తెలిసిపోతుంది. "బాకులాంటి పిల్ల" అని మాత్రం ఎవరూ ఎవరినీ మెచ్చుకోగా వినలేదు. ఏది పనిముట్టో ఏది ఆయుధమో మన భాషకు బాగానే తెలుసు. మా ఆఫీసు క్యాంటీన్‌కే తెలియదు.

ఈ అలవాటు మా జేజిది. ఆమె రొండిన ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉండేది, వక్కాకు సంచి. మూడు అరలు. ఒకదాంట్లో ఆకులు, ఒకదాంట్లో వక్కలూ సున్నం డబ్బీ, మూడోదాంట్లో చిల్లర డబ్బులూ చాకూ. పెళ్ళయిన కొత్తలో కదిరి తేరుకు పోయినప్పుడు కొన్నానని చెప్పేది. బర్రెకొమ్ము పిడి. ఒకసారి బెల్లం డబ్బా మూత ఎత్తబోతే మొన విరిగిందట. ఊళ్ళో కమ్మరి మిగిలినదాన్ని సానబట్టి, వెనక వైపు నుంచి వంపుగా కిందికి దించి ఇచ్చాడు. నేను పుట్టేనాటికే దానికి మొన లేదు. వాదర, అంటే కోసే అంచు, గీత గీసినట్టు తిన్నగా ఉండేది, చివర మొద్దుగా, ఆవులిస్తున్న గొర్రె మూతిలాగా ఉండేది. ఆ మొద్దు చివరతో జేజి మామిడికాయ ముక్క ఎత్తి మా అరచేతిలో పెట్టేది. చాకంటే అట్లాగే ఉంటుందని చాలా కాలం అనుకున్నాను.

ఆమెకు ఒకటే నియమం. "తెరిచింది చేతికియ్యాకు. మూసి కింద పెట్టు, కావల్సినోళ్ళు తీసుకుంటారు." ఉప్పు, మిరపకాయలు, కత్తెర చేతికి చేయి ఇస్తే తగువులొస్తాయని చాలా ఇళ్ళలో అంటారు కదా, అదే నమ్మకం. కానీ మూసి ఇవ్వడమనేది మడత చాకుకు మాత్రమే సాధ్యం. కత్తిపీటకు కుదరదు, కొడవలికి కుదరదు.

జేజి పోయాక ఆ సంచీ చాకూ నాకొచ్చాయి. రెండేళ్ళ కిందట బెంగళూరులోనే ఒక మాల్ గేటు దగ్గర స్కానర్‌లో చాకు కనబడింది. పెట్టెలో వేసి వెళ్ళండి, తిరిగొచ్చేటప్పుడు తీసుకోండి అన్నారు. సినిమాకు టైమైపోతోంది, వేసేశాను. మూడు గంటల తర్వాత వస్తే షిఫ్టు మారిపోయింది, పెట్టె ఖాళీ. రెండు వారాలు తిరిగాను. రసీదు ఉందా మేడమ్ అని అడిగారు. అరవై ఏళ్ళ చాకుకు రసీదు!

మిగిలింది సంచి. చాకు ఉండే అరను తిరగేసి చూస్తే లోపలి గుడ్డ మీద తుప్పు మరక, చాకు ఆకారంలోనే. స్కేలు పెట్టి కొలిచాను. పొడవు 8.6 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 2. ఈ వ్యాసమంతా ఆ మరక దగ్గర మొదలైంది.

అయితే వెంటనే బుద్ధి రాలేదు. బాధలో ఉన్న మనిషి చేసే పనే నేనూ చేశాను, రాత్రి ఒంటిగంటకు ఆన్‌లైన్‌లో ఒకటి కొన్నాను. నల్లటి అలుగు, అంటే బ్లేడు; వేలితో చిన్న మీట నొక్కితే క్షణంలో విచ్చుకుంటుంది, తెరుచుకున్నాక లోపల లాక్ పడుతుంది. డీ2 స్టీలు. వస్తువుగా దాన్ని తప్పు పట్టలేను. కాగితాన్ని గాలిలో కోసేది. వారం తర్వాత ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు, కేకు డబ్బా రిబ్బన్ ఊడటం లేదు. నేను బ్యాగులోంచి తీసి మీట నొక్కాను. ఛక్‌మన్న చప్పుడు. చుట్టూ ఉన్న ఏడెనిమిది మందిలో నలుగురు వెనక్కి జరిగారు. కొత్తగా చేరిన పిల్ల చేతిలో కాగితం ప్లేటు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఎవరో "సీమ ఎంట్రీ!" అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రిబ్బన్ తెగింది. కానీ ఆ అర క్షణం నిశ్శబ్దం నాకు నచ్చలేదు. జేజి చాకును నేను అదే క్యాంటీన్‌లో వందసార్లు తీశాను. ఎవరూ తల తిప్పి చూసిన పాపాన పోలేదు.

రెండిటికీ తేడా ఏమిటని ఆలోచిస్తే, పదునులో కాదు, పొడవులో కూడా పెద్దగా కాదు. తెరుచుకునే తీరులో ఉంది. జేజి చాకు తెరవాలంటే రెండు చేతులూ కావాలి. ఎడమ చేత్తో పిడి పట్టుకోవాలి, కుడి బొటనవేలి గోరును అలుగు మీది గాడిలో పెట్టాలి, లాగాలి. రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో చూసేవాళ్ళకు నీ ముఖం కనబడుతుంది, పక్కన జామకాయ కనబడుతుంది. భయపడాల్సిన పని లేదని అర్థమైపోతుంది.

నా ఉద్యోగం యాప్‌ల డిజైన్. డబ్బు పంపడానికి నాలుగు నొక్కులుంటే మూడు చేయడం, మూడుంటే రెండు చేయడం, అందుకే జీతం ఇస్తున్నారు. అలాంటి నేను ఒక వస్తువును కావాలని నెమ్మదిగా చేయాలనడం నాకే వింతగా ఉంది. కానీ జేబు చాకు విషయంలో నా వాదన ఇదే: అది త్వరగా తెరుచుకోకూడదు. మిగతా కొలతలన్నీ దీని తర్వాతే.

దీన్ని ఒప్పుకోని వాళ్ళు మొదట లాక్ గురించి అడుగుతారు. లాక్ లేని చాకు వేళ్ళ మీద మూసుకుపోదా? లాక్ లేనివాటిని ఇంగ్లీషులో స్లిప్‌జాయింట్ అంటారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పదిహేడో శతాబ్దం నుంచి చేస్తున్నారు. లోపల ఉన్నది మూడే ముక్కలు: అలుగు, కీలు పిన్ను, పిడి వెన్ను పొడుగునా ఒక స్ప్రింగు పట్టీ. అలుగు మడమకు, అంటే కీలు దగ్గరి కొసకు, రెండు చదును ముఖాలుంటాయి. స్ప్రింగు కొస ఒక ముఖం మీద ఆనితే చాకు తెరిచి ఉంటుంది, రెండో ముఖం మీద ఆనితే మూసి ఉంటుంది. మధ్యలో మూల మీదుగా జారేటప్పుడు స్ప్రింగు పైకి లేచి, దాటాక టక్‌మని దిగుతుంది. ఇక పండు కోసేటప్పుడు వాదరను పండు మీద అదుముతాం కదా, ఆ ఒత్తిడి అలుగును వెనక్కి, అంటే తెరుచుకునే వైపే తోస్తుంది. ఎంత అదిమితే అంత గట్టిగా తెరిచి ఉంటుంది. మూసుకునే ప్రమాదం ఉన్నది పొడిచినప్పుడు, అలుగును మీటలాగా వాడినప్పుడు, వెన్నుతో కొట్టినప్పుడు. నేనూ ఒకసారి ప్లాస్టిక్ సీసా మూతకు రంధ్రం చేయబోయి చూపుడువేలు తెగ్గోసుకున్నాను. తప్పు చాకుది కాదు, పొడిచింది నేను. లాక్ లేని చాకు పొడవడానికి ఒప్పుకోదు. నా దృష్టిలో అది లోపం కాదు, దాని గుణం.

నలిగిన దారే ఇది, నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. బ్రిటన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం 3 అంగుళాలకు మించని, లాక్ లేని మడత చాకును కారణం చెప్పకుండానే జేబులో పెట్టుకోవచ్చు. లాక్ ఉంటే ఆ మినహాయింపు పోతుంది. స్విస్ చాకుల్లో అందరికీ తెలిసిన 91 మిల్లీమీటర్ల విక్టోరినాక్స్‌కు కూడా అలుగుకు లాక్ ఉండదు, 111 మిల్లీమీటర్ల పెద్దవాటికే ఉంటుంది. ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన రైతు చాకుకు మొదట్లో ఏ లాకూ లేదు. 1955లో చేర్చిన లాక్ కూడా చేత్తో తిప్పే ఉంగరమే. అంటే నెమ్మదైన లాక్. దాని మీద నాకు అభ్యంతరం లేదు. కాకపోతే దాని చెక్క పిడి వానాకాలం తడికి ఉబ్బి అలుగును పట్టేసుకుంటుంది.

మన చట్టం సంగతీ చూశాను, సీమ పిల్లను కాబట్టి చూడక తప్పదు. ఆయుధ నియమాల్లో కత్తుల మాట వచ్చేచోట కొలత ఉంది: అలుగు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు. అదీ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి కాకుండా. రెండున్నర అంగుళాల జామకాయ చాకు ఆ దరిదాపుల్లో లేదు. చట్టం ఒప్పుకున్నా గేటు దగ్గరి స్కానర్ ఒప్పుకోదనుకోండి, అది నాకు అనుభవమే. ఇప్పుడు మెట్రో ఎక్కే రోజు చాకు ఇంట్లోనే.

ఒక ఆయుధం చేసిన పాపానికి పనిముట్టు శిక్ష అనుభవించడం మన దగ్గరే కాదు. జపాన్‌లో హిగోనోకామి అనే చాకు ఉంది. మడిచిన రేకు పిడి, స్ప్రింగు కూడా ఉండదు, అలుగు తోక బయటికి వచ్చి ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుని కోయాలి. మన మంగలికత్తికి దగ్గరి చుట్టం. ఒకప్పుడు బడిపిల్లలందరి దగ్గరా ఉండేది, పెన్సిళ్ళు చెక్కుకోవడానికి. 1960లో టోక్యోలో అసనుమా ఇనెజిరో అనే సోషలిస్టు నాయకుణ్ణి సభా వేదిక మీదే ఒక పదిహేడేళ్ళ కుర్రాడు పొడిచి చంపాడు. ఆ తర్వాత పిల్లల చేతికి చాకులివ్వొద్దని ఉద్యమం నడిచింది, హిగోనోకామి బడి సంచుల్లోంచి మాయమైంది. ఆ కుర్రాడు పొడిచింది పొట్టి ఖడ్గంతో. పోయింది పెన్సిలు చాకు.

ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పేరు మీద వచ్చిన మన రాంపురి చాకుది తిరగబడ్డ కథ. తొమ్మిది, పది అంగుళాల అలుగు, తెరిచేటప్పుడు కటకటమని చప్పుడు. ఆ చప్పుడే దానికి పేరు తెచ్చింది, సినిమాల్లోకి ఎక్కించింది, చివరికి చంపింది. ఇప్పుడు రాంపూర్ చౌరస్తాలో 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు, 2023లో. పనిముట్టుగా బతికి ఉంటే విగ్రహం అవసరమయ్యేది కాదేమో.

సరే, నా చాకు. గ్రాఫ్ కాగితం మీద మరక కొలతతో పిడి గీశాను, 86 మిల్లీమీటర్లు. దాంట్లో ఇమిడే అలుగు 63, అంటే రెండున్నర అంగుళాలకు పిసరు తక్కువ. అలుగు ఆకారం గురించి క్షణం కూడా ఆలోచించలేదు, జేజి చాకు ఆకారమే. తర్వాత చదివితే తెలిసింది, తిన్నటి వాదర, కిందికి దిగే వెన్ను, మొన లేని చివర ఉన్న ఆ రూపాన్ని ఇంగ్లీషువాళ్ళు షీప్స్‌ఫుట్ అంటారని, ఊగే ఓడ మీద ఒకరినొకరు పొడుచుకోకుండా నావికుల చాకులకు అదే ఉండేదని. వాళ్ళు గొర్రె గిట్ట అన్నారు, నాకు గొర్రె మూతి కనబడింది. మా ఊరి కమ్మరి ఎవరినీ అడక్కుండా, విరిగిన బెల్లం చాకుతో అక్కడికే చేరుకున్నాడు.

స్టీలు దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. స్టెయిన్‌లెస్ అయితే తుడవకపోయినా ఫర్వాలేదు. కానీ జేజి చాకు మామూలు కార్బన్ ఉక్కు, నిమ్మకాయ కోసి కోసి నీలం కలిసిన బూడిద రంగుకు తిరిగింది. కొత్తలో మామిడికాయ కోస్తే ముక్కకు ఇనుప వాసన అంటుతుంది, నల్లచార పడుతుంది. పులుపుకు పైన పల్చటి పొర కట్టాక అది పోతుంది. చెన్నైలో ఉండుంటే ఈ సరదా పెట్టుకునేదాన్ని కాదు, ఆ ఉప్పుగాలికి తలుపు గొళ్ళాలే నిలవవు. బెంగళూరు గాలి కార్బన్ ఉక్కును బతకనిస్తుంది.

ఉక్కు అన్నాను కాబట్టి ఒక్క పక్కదారి. ఇంగ్లీషులో వూట్జ్ అని పిలిచే ప్రసిద్ధమైన ఉక్కు పేరు మన దక్షిణాది మాట "ఉక్కు" నుంచే వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో దాన్ని వండేవారు, పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కెళ్ళేవారు. 1790లలో బొంబాయి నుంచి కొన్ని ముద్దలు లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. జార్జ్ పియర్సన్ అనే ఆయన వాటిని పరీక్షించి 1795లో పత్రం రాశాడు. ఆ ముద్దతో అక్కడ ఏం చేయించి చూశారో తెలుసా? ఖడ్గం కాదు, బాకు కాదు. స్టోడార్ట్ అనే కత్తుల పనివాడితో కలాలు చెక్కే చిన్న చాకు చేయించారు, పెన్‌నైఫ్. అది మేలైన ఉక్కు చాకుతో సమానంగా కోసిందని రాసుకున్నారు. ఆ స్టోడార్ట్ తర్వాత తన వ్యాపార కార్డు మీద యూరప్ ఉక్కు కన్నా భారతదేశపు ఉక్కే తనకు మేలని అచ్చు వేయించుకున్నాడు. మన ఉక్కు అనగానే అందరూ దానితో చేసిన డమాస్కస్ ఖడ్గాల గురించి రొమ్ము విరుచుకుంటారు గానీ, నాకు ఈ కలం చాకు కథే ఇష్టం. కత్తి పోటు తప్పినా కలం పోటు తప్పదంటారు, ఈ చాకు మాత్రం కలానికే పదును పెట్టింది.

ఇప్పుడా ఉక్కు దొరకదు. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో దొరికేదాంట్లోనే చూసుకోవాలి. అక్కడి కొట్లలో బేరింగుల ఉక్కు ఈఎన్31 ఉంది, అచ్చులు చేసే ఓహెచ్‌ఎన్‌ఎస్ పలకలున్నాయి. కొడవళ్ళకు వాడే లారీ కమాను పట్టీ అయితే తూకానికి ఇస్తారు. కమాను పట్టీ నా సీమ రక్తానికి నచ్చింది గానీ 2 మిల్లీమీటర్లకు అరగదీయడం వృథా పని. ఓహెచ్‌ఎన్‌ఎస్ తీసుకున్నాను. నూనెలో ముంచి గట్టిపరిచే ఉక్కు, ముంచినప్పుడు పెద్దగా వంకర తిరగదు, అందుకే టూల్‌రూమ్‌ల వాళ్ళకు ఇష్టం.

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో ఒక చిన్న షెడ్డు. యజమానిది హిందూపురం, అరవై దాటాయి, ముప్పై ఏళ్ళు అచ్చుల పని చేసి సొంతంగా పెట్టుకున్నాడు. నా గ్రాఫ్ కాగితాన్ని కళ్ళద్దాలు నుదుటికెక్కించి చూశాడు.

"లాకు లేదేమ్మా దీనికి?"

"వద్దన్నా."

"ఒక చేత్తో తెరిచేట్టు ఇక్కడ చిన్న గుబ్బ పెట్టిస్తా. ఇప్పటి పిల్లలంతా అదే అడుగుతారు."

"అదీ వద్దన్నా."

"మరి బిరీన ఎట్ల తెరుస్తావు?"

"బిరీన తెరవను."

ఆయన నన్ను ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూశాడు. "మా అమ్మ దగ్గర ఇట్లాంటిదే ఉండె," అన్నాడు. ఆ మాటతో రేటు ఏమీ తగ్గలేదు.

మొదటి చాకు పాడైంది, నా వల్లే. డ్రాయింగులో అలుగుకూ స్ప్రింగుకూ ఒకే గట్టిదనం రాశాను. రెండిటినీ కలిపి కాల్చి, నూనెలో ముంచి, తర్వాత 230 డిగ్రీల దగ్గర మళ్ళీ కాచి ఇచ్చారు. చేతిలో అద్భుతంగా ఉంది. ఆ టక్ చప్పుడు కోసం రోజంతా తెరిచి మూస్తూ కూర్చున్నాను, మీటింగుల్లో కూడా. తొమ్మిదో రోజు చప్పుడు మారింది. చూస్తే స్ప్రింగు మధ్య పిన్ను రంధ్రం దగ్గర నిలువునా పగిలింది. వాదరకు కావల్సింది గట్టిదనం, స్ప్రింగుకు కావల్సింది వంగి మళ్ళీ లేచే గుణం. ఒకే పలకలోంచి కోసినా స్ప్రింగును ఎక్కువ వేడి దగ్గర, సుమారు 430 డిగ్రీల్లో కాచి మెత్తపరచాలి. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో అలుగు 58 ఉంటే స్ప్రింగు 48 చాలు. అన్న ఇది ముందే చెప్పి ఉండేవాడు. నేను డిజైనర్‌నని చెప్పుకున్నాను కదా, అందుకే చెప్పలేదట.

స్ప్రింగు బలం మీద కూడా చిన్న గొడవ పడ్డాం. గట్టిగా ఉంటే నాణ్యత అన్నట్టు, చాకులు పోగుచేసేవాళ్ళు గోరు విరిగేంత బిగువును మెచ్చుకుంటారు. జేజికి చివరి రోజుల్లో వేళ్ళు సరిగా వంగేవి కావు, అయినా చాకు తెరిచేది. నెమ్మదిగా తెరుచుకోవడం అంటే కష్టంగా తెరుచుకోవడం కాదు. ఎనిమిదేళ్ళ మా పాప, డెబ్బై ఏళ్ళ మా అమ్మ ఇద్దరూ తెరవగలగాలి, ఇద్దరికీ రెండు చేతులూ పట్టాలి. రెండోసారి స్ప్రింగును మధ్యలో కొంచెం పల్చన చేయించాను. మడమకు మూడో చదును ముఖం కూడా పెట్టించాను, సగం తెరిచినప్పుడు, లంబకోణం దగ్గర, అలుగు ఒక్క క్షణం ఆగుతుంది. మూసేటప్పుడు కూడా అక్కడ ఆగి, వేళ్ళు తీశావా అని అడిగినట్టుంటుంది. పాతకాలపు వాళ్ళలో కొందరికి ఈ ఆగడం నచ్చదు, నడక సాఫీగా ఉండాలంటారు. వాళ్ళింట్లో పిల్లలు లేరేమో.

పిడికి ఏం వాడాలన్నది అందరూ సలహాలిచ్చిన విషయం. చిత్తూరు స్నేహితుడు ఎర్రచందనం అన్నాడు, చాకు కన్నా ముందు పిడి మీద కేసు పడుతుంది. కొమ్ము అంటే బర్రెకొమ్ము ఫర్వాలేదు గానీ, ఒకప్పుడు షెఫీల్డ్ చాకుల పిడులకు ఓడల్లో వెళ్ళిన మన కణుజు జింక కొమ్ము ఇప్పుడు వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది, రాలిన కొమ్మయినా సరే. కర్ణాటకలో చెక్కబొమ్మల ఊరు చన్నపట్న ఇక్కడికి అరవై కిలోమీటర్లు. బొమ్మలకు వాళ్ళు వాడే ఆలె మర అన్నా, మన ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్ర అన్నా ఒకటే చెట్టు. ఆ సంగతి తెలిసి పొంగిపోయి ఒక జత పిడులు అంకుడుతోనే చేయించాను, పసుపు లక్క వేయించి. బ్యాగులో తాళాల గుత్తితో కలిసి వారంలో సొట్టలు పడ్డాయి. బొమ్మల చెక్క బొమ్మలకే.

చివరికి చింత చేవ. మాంసం కొట్లలో మొద్దు చూశారా, చాలాచోట్ల చింతదే ఉంటుంది. ఏళ్ళ తరబడి కత్తి దెబ్బలు తిన్నా చీలదు. అట్లాంటి చెక్కకు కత్తిని పట్టుకునే పని ఇవ్వడం నాకు న్యాయంగా తోచింది. టింబర్ డిపోలో ఒక ముక్క దొరికింది, ముదురు వంకాయ రంగు. రెండు పక్కలా 3 మిల్లీమీటర్ల పలకలు, వాటి కింద అర మిల్లీమీటరు పైచిలుకు ఇత్తడి రేకులు, మూడు ఇత్తడి పిన్నులు. మెరుగు వద్దన్నాను. ఆముదం రాశాను, అంతే.

మొత్తం ఖర్చు, పాడైనదాంతో కలిపి, ఏడు వేలు దాటింది. ఆ డబ్బుకు మంచి స్విస్ చాకు కత్తెరతో, ఓపెనర్‌తో, పంటిపుల్లతో సహా వస్తుంది. అది కొనొద్దని నేను అనను, నిజానికి చాలామందికి అదే సరైన చాకు. నాకు కత్తెర వద్దు, ఓపెనర్ వద్దు. పది పనిముట్లున్న చాకును చేతికిస్తే ఎదుటివాళ్ళు ముందు దాన్ని పరిశీలిస్తారు. ఒకటే అలుగున్న చాకునిస్తే పండు కోసుకుంటారు.

దసరాకు వారం ముందు రెండో చాకు తీసుకోవడానికి వెళ్ళాను. షెడ్డులో అప్పటికే బూడిద గుమ్మడికాయలు దించారు, ఆయుధపూజకు. అన్న చాకును తెరిచి, మూసి, సగం దగ్గర ఆపి, పిడి వెన్ను మీద గోరు నడిపి చూశాడు. తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగు పిడితో సమానంగా ఉంది, సగంలో మాత్రం వెంట్రుకవాసి లేచి ఉంది. "ఇది నాకు తెలుసు, నీకు తెలుసు," అన్నాడు. తర్వాత మూసి, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు.

ఆఫీసులో దాన్ని బయటికి తీసి నెల దాటింది. పార్సిళ్ళు కోశాను, సీతాఫలం విప్పాను, కేకు రిబ్బన్ ఇంకోటి తెంపాను. కొత్తగా చేరిందని చెప్పిన ఆ పిల్లే మొన్న "అక్కా, మీ చాకు ఒకసారి ఇస్తారా, నారింజకు గాటు పెట్టుకుంటా" అని అడిగింది. మూసి బల్ల మీద పెట్టాను. గోటి గాడి ఎక్కడుందో వెతుక్కుని, రెండు చేతులతో, నాలుక కొంచెం బయటపెట్టి మరీ తెరిచింది.

ఒకటే ఇబ్బంది. ఇంట్లో జేజి సంచి తీసి మూడో అరలో పెట్టి చూశాను. పొడవు మరకకు సరిగ్గా సరిపోయింది. మందం మాత్రం ఎక్కువైంది, తాడు లాగితే సంచి మూతి పూర్తిగా ముడుచుకోవడం లేదు. మరకకు మందం ఉండదు కదా, అది నేను కొలవలేదు. చింత పలకలు ఒక్కోటి ఒక మిల్లీమీటరు అరగదీస్తే సరిపోతుంది. అన్నకు ఫోన్ చేశాను, సోమవారం తెమ్మన్నాడు. మెట్రోలో రానివ్వరు కాబట్టి ఆటోలో వెళ్ళాలి.